తల వంచించిన పొది

ఒకానొక రాజ్యంలో వీరగండ మహారాజు అనే ప్రభువు ఉండేవాడు. రాజ్యం పేరు మాత్రం అడక్కండి. ఆయన బిరుదులు చదవడం మొదలుపెడితే విస్తట్లో వడ్డించిన అన్నం చల్లారిపోయేది. ఇక రాజ్యం పేరు దాకా వచ్చే ఓపిక ఎవరికుంటుంది?

ఆ బిరుదులన్నిట్లోకీ ఆయనకు ప్రాణం 'తలవంచనిగండ'. అంటే ఎవరి ముందూ తల వంచని వీరుడని. యుద్ధం చేసి తెచ్చుకున్నది కాదులెండి. ఆస్థాన పండితుడు నరసభట్టు ఒక పండగనాడు బూరెలు బాగా కుదిరాయన్న సంతోషంలో ఇచ్చాడు. ఆ రోజు నుంచీ రాజుగారు మెడకు బద్ద కట్టినట్టు తిరిగేవాడు. కోటలో గుమ్మాలన్నీ రెండేసి మూరలు ఎత్తు పెంచారు. దేవుడి ముందు చేతులైతే జోడించేవాడు గానీ మెడ కదిలేది కాదు. 'తల వంచండి' అనే మాట రాజుగారితో ఎవరూ అనకూడదని ఊరంతా చాటింపు కూడా వేయించాడు.

నరసభట్టు సంగతీ చెప్పాలి. లోకంలోని మాటలన్నీ పోగేసి ఆయన నిఘంటువు రాస్తున్నాడు. అది పూర్తయ్యేదాకా జుట్టూ గడ్డమూ తీయనని దీక్ష పట్టాడు. పన్నెండేళ్ళయింది. గడ్డం బొడ్డు దాటింది, నిఘంటువు 'మ' దాకా వచ్చింది. తన నిఘంటువులో తప్పుందని ఎవరైనా నిరూపిస్తే గంటం విరిచేస్తానని సభలో రోజుకోసారి అనేవాడు. నిరూపించడానికి ముందు దాన్ని చదవాలి కదా, అందుకని ఎవరూ ఆ జోలికి పోలేదు.

కోటకు తూర్పున ఒక వాగు పారేది. ఆ వాగు ఒడ్డున పది ఇళ్ళ తోలుపనివాళ్ళ వాడ. అందులో ముసలి మాతయ్య, ఆయన కూతురు సుంకులమ్మ. తోళ్ళు నానబెట్టే తొట్లను వాళ్ళు లందలంటారు. లందలో తంగేడు చెక్క వేసి, రోజుల తరబడి తోలును తిరగేసి మరగేసి, బండ మీద తోమి, వాగు నీళ్ళలో జాడిస్తే ఆ తోలు చెప్పవుతుంది, బొక్కెనవుతుంది, గుర్రానికి జీనవుతుంది. రాజుగారి పాదం నేలకు తగలకుండా నడిచిందంటే ఈ వాడ చలవే. ఆ సంగతి పాదానికి తెలుసు గానీ తలకు తెలియదు.

సుంకులమ్మకు చేతిలో ఆరె ఎంత వాడో నోట్లో మాటా అంత వాడి. ఆరె అంటే తోలుకు కన్నాలు పొడిచే సూది. "ఈ పిల్లతో వాదన పెట్టుకుంటే చిల్లులు పడి ఇంటికి పోతాం" అనేవాళ్ళు వాడలో.

ఆ యేడు రాజుగారు వాగు పక్కన వేసవి మేడ కట్టించాడు. గృహప్రవేశం నాడు తూర్పు కిటికీ తెరిచాడు. గాలి వచ్చింది. గాలితో పాటు లందల వాసనా వచ్చింది.

"ఆ వాడను రేపటికల్లా ఎత్తించేయండి!" అని ముక్కు మూసుకుని అరిచాడు రాజు.

నరసభట్టు గడ్డం నిమురుకున్నాడు. "ఊరికే ఎత్తిస్తే అన్యాయమంటారు ప్రభూ. ఏదైనా పని చెబుదాం. చేయలేకపోయారనుకోండి, అప్పుడు ఎత్తిద్దాం. అది న్యాయం."

"చేసేస్తే?"

"చేయలేనిదే చెబుదాం."

రాజుకు ఆ న్యాయం బాగా నచ్చింది. అప్పటికప్పుడే భట్టు తాటాకు మీద గంటంతో గీకి, ముద్ర వేయించి, భటుడి చేతికిచ్చి పంపాడు.

భటుడు వాడ మొదట్లోనే నిలబడి గట్టిగా చదివాడు: "వాగు ఒడ్డు తోలుపనివాళ్ళు పక్షం రోజుల్లో ఒక పొది చేసి తేవలెను. ఆ పొదిని చూసి తలవంచనిగండ వీరగండ మహారాజులుంగారు, ఎవరూ చెప్పకనే, తమంతట తాము తల వంచవలెను. వంచినచో, వాగు ఒడ్డు తరతరాలకూ తోలుపనివారిదే. వంచనిచో, మరునాడే ఖాళీ చేయవలెను."

మాతయ్య కూలబడిపోయాడు. "రాజుగారు బాణాలు పెట్టుకునే అమ్ములపొది కాబోలు. ఎంత బాగా చేసినా తల ఎందుకు వంచుతాడమ్మా? దేవుడికే వంచనివాడు! కొండ పక్కకు పొమ్మంటారు. అక్కడ చుక్క నీళ్ళుండవు. తోలు నానకముందే మనం ఎండిపోతాం."

సుంకులమ్మ భటుడి దగ్గరికి వెళ్ళింది. "అన్నా, ఇంకోసారి చదువు."

చదివాడు.

"అందులో అమ్ములపొది అని ఉందా, ఒట్టి పొది అని ఉందా?"

"ఒట్టి పొది అనే ఉంది."

"సరిగ్గా చూడన్నా. అమ్ముల అనే మాట పక్కనెక్కడైనా నక్కి ఉందేమో."

"నాకు చదవడం రాదనుకున్నావా? పొది! పో కాదు, పొ! పొది!" అని భటుడు తాటాకు ఆమె ముఖం ముందు ఆడించి వెళ్ళిపోయాడు.

ఆమెకు అప్పటికింకా ఏ ఉపాయమూ లేదు. మాట ఎక్కడైనా వదులుగా ఉందేమోనని కుట్టు లాగి చూసినట్టు చూసింది, అంతే.

మర్నాడు వాడంతా ఒకటే తర్జనభర్జన. పొదికి గవ్వలు కుడదామన్నారొకరు. నెమలి ఈకలన్నారు ఇంకొకరు. సింహం బొమ్మ అద్దితే భయపడి వంచుతాడన్నాడు మరొకాయన.

"మీరు సింహాన్నే తోలుకెళ్ళినా వంచడు. గుమ్మాలే ఎత్తు పెంచుకున్న మనిషి" అంది సుంకులమ్మ.

సరిగ్గా అప్పుడే క్షురకుడు అంకన్న చంకలో ఏదో పెట్టుకుని వచ్చాడు. రాజుగారికి రోజూ పొద్దున్నే క్షవరం చేసేది ఆయనే.

"కోడలా, మీరు కష్టంలో ఉన్నారని తెలుసు. కానీ రేపు పొద్దున కోటకెళ్ళాలి. నా పొది చిరిగింది. కత్తి జారి కాలి మీద పడేలా ఉంది. రెండు కుట్లు వేసి పెడతావా?"

సుంకులమ్మ చటుక్కున తలెత్తింది. "ఏం చిరిగిందన్నావు మామా?"

"పొది."

"ఇంకోసారి అను."

"పొదే కోడలా! కత్తీ కత్తెరా పెట్టుకునే పొది. మా తాతల నాటి నుంచీ అదే అంటాం. వేరే ఏమనాలి దీన్ని?"

సుంకులమ్మ ఆ చిరుగుల పొదిని రెండు చేతులా అందుకుంది. "మామా, రాజుగారికి మెడ వెనక సవరించాలంటే ఎలా? ఆ మాట అనకూడదని చాటింపు ఉంది కదా. నువ్వేమంటావు?"

అంకన్న అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించి, ఆమె చెవిలో నాలుగు ముక్కలు చెప్పాడు.

సుంకులమ్మ నవ్వింది చూడండి, ఒళ్ళోని ఆరె ఎగిరి లందలో పడింది.

"నాయనా! నువ్వు దాచిన ఆ మేకతోలు తియ్యి" అంది.

"దేనికి?"

"అంకన్న మామకు కొత్త పొది."

"నీకు మతి పోయిందా సుంకీ! ఇల్లూ వాకిలీ పోతుంటే క్షవరాల పొది కుడతావా?"

"కుడతాను. నా చేతుల్లో ఇంత మంచి పని ఇంతకు ముందు పడలేదు."

ఆ మేకతోలు మాతయ్య కూతురి చెప్పుల కోసం దాచినది. వాన ముందు గాలంత మెత్తన. సుంకులమ్మ అంకన్న పనిముట్లన్నీ చాప మీద పరిపించింది. ఒక్కొక్కటే తోలు మీద పెట్టి, చుట్టూ బొగ్గుతో గీత గీసింది. మంగలికత్తి, కత్తెర, గోళ్ళు తీసే గోరుగల్లు, నూరుడు రాయి, దువ్వెన, అద్దం. దేని కొలత దానికే.

"అన్నీ ఒక్క సంచిలో పడేస్తే పోయేదానికి ఇన్ని అరలెందుకే?" అన్నాడు తండ్రి.

"ఒకదాన్నొకటి గీసుకుంటే వాడి పోతుంది నాయనా. పనిముట్లు కూడా మనుషుల్లాంటివే. ఎవరి చోటు వాళ్ళకుండాలి. ఆ చోటు ఎవరూ లాక్కోకూడదు."

మాతయ్య లేచాడు. వెళ్ళి దారానికి మైనం పట్టించడం మొదలుపెట్టాడు.

రంపె అనే తోలుకత్తితో కోసింది. ఆరెతో, కంకిలో గింజకూ గింజకూ మధ్య ఎడం ఎంతో అంత దగ్గరగా కన్నాలు పొడిచింది. రెండు వైపుల నుంచీ దారం లాగి బిగించింది. కత్తి మొన తగిలేచోట రెండో పొర వేసింది. అంచు మడిచి నున్నటి రాయితో రుద్దింది. మూతకు సన్నటి తోలువారు పెట్టి, దాని చివర కొమ్ముతో చేసిన బిళ్ళ వేసింది. విప్పితే అరిటాకులా పరుచుకుంటుంది, చుడితే తమలపాకుల చిలకలా చేతిలో ఒదుగుతుంది. ఆరు రోజులు పట్టింది.

ఏడో రోజు పొద్దున అది అంకన్న చేతికిచ్చింది.

అంకన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో ఏదో మెలిక ఉంది. నా తల పోదు కదా కోడలా?"

"నువ్వు కొత్తగా ఏమీ చేయకు మామా. రోజూ చేసేదే చెయ్యి. ఎవరు కుట్టారంటే మాత్రం చెప్పకు. ఎన్ని రోజులు చేశావో గుర్తుంచుకో. చాలు."

పక్షం గడిచింది. సుంకులమ్మ, మాతయ్య కోటకు వెళ్ళారు. ద్వారపాలకుడు వాళ్ళను సభ గడప అవతలే ఆపాడు. సుంకులమ్మ ఒకసారి గడప వంక చూసింది. 'సరే, నా గొంతుకు గడపలుండవు' అనుకుని అక్కడే నిలబడింది.

"ఏదీ పొది?" అన్నాడు రాజు, సింహాసనం మీద నిటారుగా కూర్చుని.

ఆమె ఖాళీ చేతులు చూపింది. "ఎప్పుడో వచ్చేసింది ప్రభూ. ఏలినవారు దాని ముందు తల కూడా వంచారు. ఇవాళ పొద్దుటితో తొమ్మిదిసార్లయింది."

సభలో ఎవరో తుమ్మబోయి ఆపుకున్నారు. మాతయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"నేనా?" రాజు మీసాలు లేచాయి. "నేను తల వంచానా? దేని ముందు?"

"అంకన్న మామను పిలిపించండి. పొదితో సహా."

అంకన్న వచ్చాడు. కొమ్ము బిళ్ళ తీసి, సింహాసనం ముందు దాన్ని పరిచాడు. రాజు అది చూశాడో లేదో ముఖం విప్పారింది.

"ఇదా! ఇది మా అంకన్న కొత్త పొది కదా! నేనే మెచ్చుకున్నాను. ఏం పనితనం! దగ్గరికి తెస్తే తొలకరి పడ్డ నేల వాసన. ఎవరు చేశారురా అంటే వీడు చెప్పడు..." అంటూ ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఏలినవారే దాన్ని పొది అన్నారు" అంది సుంకులమ్మ మెల్లగా. "చేసింది మేము."

నరసభట్టు లేచాడు. "అన్యాయం! మోసం! పొది అంటే అమ్ములపొది. బాణాలుంచేది! రాజశాసనంలో పొది అన్నప్పుడు వేరే అర్థం ఎలా వస్తుంది?"

"అమ్ముల అనే మాట తాటాకులో లేదే భట్టుగారూ? మూడుసార్లు అడిగాను."

"అది చెప్పకుండానే తెలియాలి!"

"సరేనండీ. మీ నిఘంటువులో పొది అనే మాట ఉందా?"

"ఉంది! నా నిఘంటువులో లేని మాట లేదు!"

"దానికింద అంకన్న మామ పొది ఉందా? ఉంటే, మేము శాసనం ప్రకారం చేసినట్టే. లేదంటారా, ఊళ్ళో చంటిపిల్లకు తెలిసిన మాట మీ నిఘంటువుకు తెలియదన్నట్టు. గంటం విరిచేస్తానన్నారట కదా. ఏదైనా నాకు సమ్మతమే, మీ ఇష్టం."

రాజు కుతూహలంగా ముందుకు జరిగాడు. "నీ నిఘంటువులో ఆ తాటాకు తెప్పించి చదవవయ్యా!"

తాటాకు వచ్చింది. నరసభట్టు గొంతు సవరించుకుని, నీరసంగా చదివాడు. "పొది. ఒకటి, అమ్ములుంచు తోలుసంచి. రెండు..."

"ఆఁ, రెండు?"

"రెండు... క్షురకుని పనిముట్లుంచు సంచి."

"మీ నిఘంటువులో తప్పు లేదండీ" అంది సుంకులమ్మ.

"కానీ తల వంచడమనగా నమస్కరించడం!" భట్టు పట్టు వదల్లేదు. "క్షవరానికి మెడ దించడం తల వంచడం ఎలా అవుతుంది?"

"తాటాకులో తల వంచవలెనని ఉంది. మనసు వంచవలెనని రాసి ఉంటే కష్టమే. దాన్ని వంచే పొది ఏ తోలుతోనూ కుట్టలేం."

రాజు అంకన్న వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా. నన్ను తల... ఆ పని చేయమని నువ్వు అడిగావా?"

"అమ్మమ్మా! చాటింపు ఉండగా నేనెలా అంటాను ప్రభూ? పొది విప్పి మీ ముందు పరుస్తాను. నోరెత్తకుండా నిలబడతాను. ఏలినవారు పొదిని చూస్తారు. చూసి, మీ అంతట మీరే..." అని అంకన్న గడ్డం గుండెకు ఆనించి చూపించాడు.

రాజు చేయి కత్తి పిడి మీదికి పోయింది. మాతయ్య ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

"అయితే నా బిరుదు అబద్ధమంటావు."

సుంకులమ్మకు తెలుసు. వాదనలో గెలవడం ఒక ఎత్తు, గెలిచి ఇంటికి వెళ్ళడం ఇంకొక ఎత్తు. ఇప్పుడొక్క కుట్టు తప్పితే మొత్తం విడిపోతుంది.

"అబద్ధమని నేననను ప్రభూ. ఎవరికో చెందాల్సింది పొరపాటున మీ దగ్గరికొచ్చింది. పొది ముందు తల వంచిన ముఖం ఎంత కళగా ఉంటుందో ఏలినవారిని చూస్తే తెలుస్తోంది. పన్నెండేళ్ళుగా వంచని తల ఎలా ఉంటుందో చూడాలంటే..."

అక్కడితో ఆపేసింది. వేలు కూడా చూపలేదు.

సభ మొత్తం తలలు నరసభట్టు వైపు తిరిగాయి. ఆ సమయానికి ఆయన గడ్డంలో చిక్కుకున్న తాటాకు పీచును లాక్కుంటున్నాడు.

రాజు చూశాడు. మీసాల కొసలు అదిరాయి. బుగ్గలు ఉబ్బాయి. ఇక ఆగలేక పకపకా, పగలబడి నవ్వాడు. కడుపు పట్టుకుని, మోకాళ్ళ మీదికి వాలిపోయి మరీ నవ్వాడు.

"పదోసారి ప్రభూ" అంది సుంకులమ్మ.

దాంతో సభంతా గొల్లుమంది. కొన్నేళ్ళుగా బిగబట్టుకున్న నవ్వులన్నీ ఆ పూటే తెగాయి.

"తీసుకోవయ్యా భట్టూ! ఇకనుంచి తలవంచనిగండ నువ్వే!" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "అబ్బ, నా మెడ ఎంత హాయిగా ఉందో! మూడేళ్ళుగా పట్టేసి చస్తున్నాను."

తరవాత సుంకులమ్మ వంక చూశాడు. "కానీ ఆ వాసన సంగతేమిటే?"

"ఉంది ప్రభూ, లేదనను. తోలు పచ్చిగా ఉన్నప్పుడు కంపే. వాగు నీళ్ళూ మా చేతులూ పడ్డాకే అది తొలకరి వాసనవుతుంది. ఏలినవారు తొమ్మిది రోజులు మెచ్చుకున్నది ఆ లందలో నానిన తోలునే."

రాజు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. "వాగు కదలదు. లందలూ కదలవు. కిటికీ కదులుతుంది. మంత్రీ, నా మేడకు కిటికీ పడమటి వైపు పెట్టించు. వాగు ఒడ్డు వీళ్ళదేనని రాగిరేకు మీద చెక్కించు. ఈసారి అర్థాలన్నీ విడమరిచి రాయండి, ఈ పిల్ల చూస్తుంది."

అని మెడలోని ముత్యాలహారం తీసి ఇవ్వబోయాడు. హారం తీయాలంటే తల వంచాలి. ఒక్క క్షణం ఆగాడు. తరవాత నవ్వుకుంటూ వంచాడు. ఈసారి ఎవరూ లెక్కపెట్టలేదు. సుంకులమ్మను గడప దాటి లోపలికి పిలిచి, తన చేతులతోనే ఆమె చేతుల్లో పెట్టాడు.

మాతయ్య ఇంటికి వచ్చాక చేసిన మొదటి పని హారం చూసుకోవడం కాదు. వాగులో దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, దోసెడు నీళ్ళు ముఖాన కొట్టుకున్నాడు. "ఉంది. ఇక్కడే ఉంది" అన్నాడు, వాగెక్కడికో పోయి తిరిగొచ్చినట్టు. పది ఇళ్ళ వాళ్ళూ ఆ పూట పని మాని ఒడ్డునే కూర్చున్నారు.

వారం తిరిగాక ఒక పొద్దున వాడలోకి నరసభట్టు వచ్చాడు. పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. గడ్డం అలాగే ఉంది. మాతయ్య గుడిసె ముందు నిలబడి, చాలాసేపు దగ్గి, అసలు సంగతి బయటపెట్టాడు.

"నా గంటాలు ఒకదానికొకటి తగిలి మొనలు పోతున్నాయి. అరలున్న సంచి ఏదైనా... అంటే... ఒక పొది..."

"పొదా? గంటాలు పెట్టుకునేదాన్ని పొది అనొచ్చాండీ?" అంది సుంకులమ్మ లోపలి నుంచి.

భట్టు గడ్డం నిమురుకున్నాడు. "మూడో అర్థంగా చేరుస్తాను" అన్నాడు చిన్నగా.

"అయితే లోపలికి రండి, కొలత తీసుకుంటాను."

ఆ గుడిసె గుమ్మం మనిషి ఛాతీ ఎత్తు. కోటలోలాగా దాన్నెవరూ ఎత్తు పెంచలేదు. మాతయ్య గాభరాగా ముందుకొచ్చాడు. "అయ్యో భట్టుగారూ, చూసుకోండి, గుమ్మం తక్కువ, కాస్త తల..."

సుంకులమ్మ తండ్రి చేయి పట్టి ఆపింది.

"చెప్పకు నాయనా. తనంతట తానే వంచాలి."